తెల్లబడని పాకం

మా బేకరీకి మొదటి గ్లూకోజ్ డబ్బా విజయవాడ లారీలో ఒక మంగళవారం నాడు వచ్చింది. మావారు ఇప్పటికీ బుధవారమనే అంటారు. బుధవారం మాకు బన్నుల రోజు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బట్టీ ముందు నుంచి ఎవరమూ కదిలేవాళ్ళం కాదు. డబ్బాను దించుకోవడానికి ఇద్దరం రోడ్డు దాకా వెళ్ళిన మాట నిజమైతే అది మంగళవారమే కావాలి. సంవత్సరం విషయంలో మాకు పేచీ లేదు. ఎనభైల నడిమి కాలం, పెనుబల్లిలో దుకాణం తెరిచిన రెండో ఏడు.

మా అత్తవారిది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న కుటుంబం. పొలాన్ని మా బావగారు చూసుకునేవారు. మావారికి పొలం కంటే పొయ్యి మీద ఆసక్తి. విజయవాడలో ఒక బేకరీలో కొంతకాలం పని నేర్చుకుని వచ్చి, సత్తుపల్లి వెళ్ళే రోడ్డు పక్కన ఒక గది కిరాయికి తీసుకుని, దాని వెనక ఇటుకలతో బట్టీ కట్టించారు. పిండి కలపడం, కాల్చడం ఆయన పని. తూకం, కొలత నా పని. ఆయన చెయ్యి ఉదారమైనది. నా తక్కెడ కాదు. ఈ ఏర్పాటు వల్లనే మా కేకులు ప్రతివారం ఒకే రుచితో వచ్చేవని నా నమ్మకం. ఆయన నమ్మకం వేరు.

డబ్బాలో ఉన్న పదార్థాన్ని లిక్విడ్ గ్లూకోజ్ అంటారు. నీటిలా తేటగా ఉంటుంది, నీటిలా ప్రవర్తించదు. డబ్బాను వంచితే వెంటనే రాదు. మనం విసిగి వేరే పని చూసుకుంటున్నప్పుడు మెల్లగా అంచు దాటి, ఒక్కసారిగా జారి, తెగకుండా సాగుతూ నేల దాకా వస్తుంది. మావారు మొదటిరోజు పొడి గరిటెతో తీయబోయారు. గరిటె, చెయ్యి, చొక్కా, నడుముకు కట్టుకున్న తువ్వాలు ఒకే తీగతో కలిసిపోయాయి. ఆ తీగను తెంపబోయిన నేను కూడా అందులో చేరాను. చేతిని నీళ్ళలో ముంచి, తడిచేత్తో ముద్దగా తీసుకోవాలని, తడి ఉన్నంతసేపు అది అంటదని ఆ తరువాత గుర్తుకు తెచ్చుకున్నారు. విజయవాడలో నేర్చుకున్నారట. ముందే గుర్తొచ్చి ఉంటే ఆ తువ్వాలు దక్కేది.

మా గోడకు అవతలి ఇంట్లో ఇల్లందు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. ఆమె భర్త బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మనిషి. రోజూ సాయంత్రం బ్రెడ్డు కోసం వచ్చి, బ్రెడ్డు తీసుకున్నాక కూడా చాలాసేపు ఉండేది. మేమిద్దరం ఆమెను అక్కా అని పిలిచేవాళ్ళం. డబ్బా వచ్చిన సాయంత్రం ఆమె మూత తీసి తొంగిచూసింది.

“ఏంది తమ్మీ గిది?”

“గ్లూకోజ్ అక్కా.”

“గ్లూకోజా! దవాఖానాల నరానికి ఎక్కిస్తరు, గదేనా?”

“అదీ ఇదీ ఒకటి కాదు. ఇది పాకంలో వేసేది.”

“పేరైతే గదే గద. మా ఆయనకు నీరసం జాస్తిగున్నది. సూది గుచ్చే పని లేకుంట నోట్లెనే ఇంత పోస్తవా?”

మావారు నవ్వి, వివరించి, మళ్ళీ నవ్వారు. ఆమె ఏ మాటా నమ్మలేదు. వారం తిరగకముందే పెనుబల్లి చుట్టుపక్కల ఊళ్ళలో మా కేకు నీరసానికి మందుగా స్థిరపడింది. సత్తుపల్లి బస్సు దిగినవారు, దవాఖానాలో ఉన్న బంధువును చూడబోయేవారు, బీడీల తునికాకు ఎండబెట్టే కల్లానికి వెళ్ళేవారు వచ్చి, “గ్లూకోజ్ ఎక్కిచ్చిన కేకు రెండు ఇయ్యిరి” అని అడిగేవారు. నేను అడిగిన ప్రతివారికీ, ఇది బలం కోసం కాదు, పాకం కుదరడం కోసం అని చెప్పేదాన్ని. వాళ్ళు శ్రద్ధగా విని, తల ఊపి, రెండు కేకులు కట్టించుకుని దవాఖానాకే పోయేవారు.

అది నిజంగా చేసే మేలు వేరు. పంచదార పాకానికి ఒక మొండితనం ఉంది. కరిగించి, కాచి, ఏ రూపంలోకి తెచ్చినా, చల్లారుతున్నకొద్దీ తిరిగి పంచదార పలుకులుగా మారాలని చూస్తుంది. మా పల్లీపట్టి చేసిన రోజున గాజులా ఉండి, మూడో రోజుకు ఇసుక తిన్నట్టుగా అయ్యేది. నిమ్మరసం పిండేవాళ్ళం, ఒకసారి కుదిరేది, ఒకసారి కుదిరేది కాదు. గ్లూకోజ్ వేసినప్పటి నుంచి ఆ సందేహం పోయింది. పలుకు పలుకును కలవనీయకుండా అది మధ్యలో అడ్డం నిలబడుతుంది. కిలో పంచదారకు వంద గ్రాములు నేను తూచి ఇచ్చిన లెక్క. ఆ లెక్కన చేసిన పట్టీని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, పల్లీలు గాలిలో ఆగినట్టు కనిపించేవి. కేకు మీది ఐసింగు కత్తి తగిలితే పెచ్చులూడకుండా మెత్తగా తెగేది. కొబ్బరి లౌజు నాలుగో రోజున కూడా ఆరిపోయేది కాదు.

ఇంత మేలు చూశాక మావారు ఆగలేకపోయారు. బన్నుల మీద పూశారు, మెరిశాయి. బిస్కెట్ల పిండిలో కలిపారు, రంగు తేలింది. టీలో వేసుకుని తాగి, బాగుందన్నారు. ముఖం ఆ మాటను సమర్థించలేదు. ఊడిపోయిన క్యాలెండరును గోడకు దానితోనే అంటించారు. చీమలు వచ్చి ఆ నెలంతా తినేశాయి.

“ఇంకేం మిగిలింది అన్నయ్యా, నీ తలకు రాసుకోవడమేగా!” అని మా ఆడబిడ్డ నవ్వేది.

ఆమె అప్పుడు పురిటికి వచ్చి మా దగ్గరే ఉంది. నాకంటే చిన్నది, నాకంటే ధైర్యస్థురాలు, మాట ముందు, ఆలోచన వెనక. ఆడపిల్ల పుట్టింది. ఆమె అత్తవారిది వేంసూరు. ఐదో నెల వచ్చాక, మాఘమాసంలో బిడ్డను తీసుకుని అక్కడికి వెళ్ళాలి; వెళ్ళిన రోజునే బారసాల చేసి పేరు పెట్టడం వారి ఇంటి పద్ధతి. బిడ్డతో పాటు సారె కూడా వెళ్ళాలి. అరిసెలు, సున్నుండలు ఎన్ని ఉన్నా, పళ్ళెం పైన పంచదార చిలకలు లేకపోతే మావైపు వారి దృష్టిలో అది సారె కాదు. కాచిన పాకాన్ని చెక్క అచ్చుల్లో పోసి తీసే తెల్లటి చిలకలవి. పేరంటానికి వచ్చిన వీధివారందరికీ పంచాలి.

బిడ్డను చూడవచ్చిన రోజున ఆమె అత్తగారే ఆ మాట ఎత్తారు. ఆవిడ పొడగరి, మంచం మీద కూర్చున్నా నిలబడినట్టే కనిపించేవారు.

“చిలకలు రాజమండ్రి నుంచి తెప్పించండమ్మాయ్,” అన్నారు నాతో. “మీ అడవి పక్క చిలకలు చెట్ల మీద ఉంటాయి గాని పళ్ళాల్లోకి రావుగా!”

నేను సరేనండి పిన్నిగారూ అనబోతుండగా మా ఆడబిడ్డ అందుకుంది.

“తెప్పించడమెందుకు అత్తయ్యా? మా అన్నయ్యే పోస్తాడు.”

“కేకులు కాల్చే చెయ్యి పాకం పొయ్యదమ్మా.”

“పోస్తాడు. మీ వీధంతా పంచినా మిగిలేటన్ని పోస్తాడు.”

“పొయ్యకపోతే?”

“మీరేమంటే అది.”

ఆవిడ ఈ మాట కోసమే వేంసూరు నుంచి వచ్చినట్టు చిరునవ్వు నవ్వారు. “అయితే పిల్లకు మా అత్తగారి పేరు పెడతాను. పోస్తే నీ ఇష్టం వచ్చిన పేరు పెట్టుకో.”

ఆవిడ అత్తగారి పేరు చాలా గౌరవమైనది. ఒకే గుక్కలో పలకడం మాత్రం కష్టం. మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకోవాలి. మా ఆడబిడ్డ కడుపుతో ఉన్నప్పుడే ఒక చిన్న పేరు అనుకుని, నాకు తప్ప ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. బిడ్డతో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పేరుతోనే పిలిచేది. ఆ పిలుపుకు బిడ్డ తల తిప్పడం కూడా అప్పటికే నేర్చుకుంది. అందువల్ల, అత్తగారు బస్సెక్కగానే ఆమె తన అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని, “పరువు గురించి కాదన్నయ్యా, దీని పేరు గురించి. చిలకలు కుదరాలి,” అంది.

“కుదరకపోవడమేమిటి!” అన్నారాయన. ఆయన కళ్ళు డబ్బా వైపు వెళ్ళాయని నేను గమనించలేదు.

అచ్చులు మా పుట్టింటి నుంచి తెప్పించాను. టేకువి, మా నాయనమ్మ నాటివి. ఒక్కో అచ్చు రెండు చెక్కలు. లోపల ముక్కు, కన్ను, రెక్కల మీది ఈకల గీతలు చెక్కి ఉంటాయి. వాటిని రాత్రంతా నీళ్ళలో నానబెట్టాము. మర్నాడు గురువారం. శుక్రవారం పొద్దున బస్సుకు ప్రయాణం. దుకాణంలో ఉన్న పంచదార మొత్తం ఎనిమిది కిలోలు తూచి ఇచ్చి, నేను అచ్చులకు దారం బిగించడానికి పెరట్లోకి వెళ్ళాను.

పాకం బాగానే కాగింది. పాలచుక్కలు వేసి, పైకి తేలిన మడ్డి తీసి, మావారు కొంచెం పాకాన్ని గరిటెతో గిన్నె అంచుకు వేసి రుద్దడం మొదలుపెట్టారు. చిలకల పాకంలో కీలకమైన ఘట్టం అదే. రుద్దగా రుద్దగా పాకం మసకబారి, పాలలా తెల్లబడుతుంది. తెల్లబడిన క్షణంలో గిన్నెలో కలిపి అచ్చుల్లో పోయాలి. ఆలస్యమైతే గరిటెలోనే రాయి అవుతుంది. మేము అచ్చులు వరసగా పేర్చుకుని సిద్ధంగా కూర్చున్నాము. గోడవతలి అక్క కూడా వచ్చి గడప మీద కూర్చుంది.

ఆయన రుద్దారు. చెయ్యి మార్చి రుద్దారు. నుదుటి చెమట భుజానికి తుడుచుకుని మళ్ళీ రుద్దారు.

“తెల్లబడలేదేం అన్నయ్యా?”

“పడుతుంది.”

“మా దిక్కు హోలీకి చక్కెర పేర్లని దండలు పోస్తరు,” అంది అక్క. “గింతసేపు ఎవ్వలు రుద్దంగ చూడలే. గరిటె అరుగుతాంది గాని పాకం మారతలేదు తమ్మీ.”

“కబుర్లు చెబితే పాకం కుదరదక్కా.”

“అవ్, నోరు మూసుకుంట. నువ్వు రుద్దు.”

పాకం అద్దంలా మెరుస్తూనే ఉంది. అప్పుడు నేను ఆయన మోచేతి దగ్గర వేలాడుతున్న సన్నటి తీగను చూశాను. గాలికి ఊగుతోంది గాని తెగడం లేదు. అటువంటి తీగ ఈ లోకంలో ఒక్క పదార్థం నుంచే వస్తుంది.

“ఏమండీ, అందులో గ్లూకోజ్ వేశారా?”

“కొంచెం.”

“ఎంత కొంచెం?”

“శుభకార్యం కదా అని… రెండు చేతులా తీసి వేశాను. చిలకలు మెరవాలని.”

ముందుగా తేరుకున్నది మా ఆడబిడ్డే. గరిటె అంచును వేలితో తాకి, ఆ వేలిని తన అన్నయ్య ముఖం ముందు పెట్టింది.

“పల్లీపట్టి పలుకు కట్టకుండా ఆపేది ఇదేగా?”

“అవును.”

“చిలక అంటేనే పలుకు కట్టిన పాకం కదా! తెల్లబడాల్సిన దాన్ని తెల్లబడొద్దని కాపలా పెట్టి, ఇంతసేపు రుద్దుతున్నావా?”

మావారు గరిటె ఆపారు. ఆయన ముఖంలో అర్థమైన వెలుగు ముందు వచ్చి, భయం తరువాత వచ్చింది. అయినా ఆశ వదలక, చల్లారితే అదే గట్టిపడుతుందని చెప్పి అచ్చులన్నిటిలో పోశారు. ఆరాక మొదటి అచ్చు విప్పాము. చిలక రెండు చెక్కలనూ వదలలేదు. చెక్కలు దూరం జరిగినకొద్దీ అది కూడా మధ్యలో సాగుతూ, ముక్కు ఒకవైపు, తోక ఒకవైపు, జానెడు చిలక మూరెడు చిలక అయింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని నవ్వు ఆగలేదు.

“చిలుక గాదు తమ్మీ, కొంగ పుట్టింది!”

పరిస్థితి ఇది. పంచదారంతా పాకంలో పోయింది. కిరాణా కొట్టాయన సరుకు కోసం ఖమ్మం పోవడంతో కొట్టుకు తాళం వేసి ఉంది. అక్క తన డబ్బాలో ఉన్న చక్కెర తెచ్చింది, ఒక గ్లాసుకు తక్కువ. అది ఉన్నా అచ్చులు లేవు. ఈకల గీతల్లో బంక ఇరుక్కుని, నీళ్ళలో మర్నాటిదాకా నానితే గాని వదిలేలా లేదు. మరిగే నీళ్ళు పోస్తే పాత టేకు పగులుతుందని నేను ఒప్పుకోలేదు.

మా ఆడబిడ్డ బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, ఆ పొడుగు పేరుతో ఒకసారి పిలిచి చూసింది. బిడ్డ ఆమె వైపు కాకుండా పైకప్పు వైపు చూసింది.

మావారు మాత్రం పొయ్యి రాజేశారు. వీలైనంత పాకాన్ని అచ్చుల్లోంచి గీకి గిన్నెలో వేసి, మళ్ళీ మరిగించడం మొదలుపెట్టారు. నీరు ఇంకిపోతే గట్టిపడక చస్తుందా అన్నది ఆయన వాదన. అది సగమే సరైన వాదన. పాకం ముదిరి, చన్నీళ్ళలో చుక్క వేస్తే టక్కుమని విరిగే స్థితికి వచ్చింది. గట్టిపడింది గాని తెల్లబడలేదు. నెయ్యి రాసిన రాతిబల్ల మీద పోస్తే, లేత పసుపు గాజుపలకలా పరుచుకుంది. దాన్ని ముక్కలు కొట్టవచ్చు. చిలక అనలేము.

అంచులు చల్లబడుతుండగా మా ఆడబిడ్డ వచ్చి, చేతులకు నెయ్యి రాసుకుని, ఆ పలకను అంచుల నుంచి మధ్యకు మడిచింది. కోపంతో చేస్తోందో ఆలోచించి చేస్తోందో నాకు తెలియలేదు. మడిచిన ముద్దను ఎత్తి, రెండు చేతులతో సాగదీసి, మళ్ళీ రెండుగా మడిచి, మళ్ళీ సాగదీసింది. వేడికి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూనే ఆపలేదు. నాలుగైదు సార్లు లాగేసరికి ముద్ద రంగు మారింది. గాజుదనం పోయి పట్టుదారపు నిగనిగ వచ్చింది. ఇంకా లాగగా తెల్లబడింది.

“వదినా, పట్టు!”

నేను రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి లాగాము. మేము లాగుతున్నకొద్దీ గాలి చేరి అది పాలనురుగులా అయింది.

“బొంబాయి మిఠాయి వాడు గిట్లనే లాగుతడు గద!” అని అక్క గడప మీది నుంచి లేచింది. “వాడు కర్రకు చుట్టుకొని వస్తడు. పోరగాళ్ళ చేతులకు గడియారం జేసి కడతడు.”

“గడియారం చేస్తే చిలక చెయ్యలేమా?” అంది మా ఆడబిడ్డ. ఒక ముక్క గిల్లి, ఉండ చేసి, మెడ దగ్గర నొక్కి, ముక్కు వంచి, తోకను కత్తెరతో రెండుగా చీల్చి, రాతిబల్ల మీద పెట్టింది. అది చిలకే. కాస్త పొట్ట ఎక్కువ. అయినా నిలబడింది.

ఆ మధ్యాహ్నాన్ని నేను మా దుకాణం చరిత్రలో అన్నిటికంటే సంతోషమైనదిగా లెక్కవేస్తాను. ముద్ద చల్లబడి గట్టిపడకుండా ఒక పళ్ళెంలో పెట్టి బట్టీ నోటి దగ్గర ఉంచాము. ఆ వెచ్చదనానికి మెత్తగా ఉండేది. మావారు లాగేవారు, మా ఆడబిడ్డ చిలకలు చేసేది, నేను ముక్కులకు ఎరుపు, రెక్కలకు ఆకుపచ్చ రంగు అద్దేదాన్ని. అక్క మోదుగాకులకు నెయ్యి రాసి వాటి మీద పేర్చేది. మామూలు పంచదార ముద్ద అయితే నాలుగు మడతలకే పలుకు కట్టి చేతిలో పొడి అయిపోయేదట. ఇంతసేపు లాగినా సాగుతూ ఉన్నదంటే, మావారు రెండు చేతులా వేసిన గ్లూకోజ్ పుణ్యమే. ఆ సంగతి ఆయన ఆ మధ్యాహ్నమంతా ఎన్నోసార్లు గుర్తుచేశారు.

“నేను వెయ్యబట్టే కదా!”

“నువ్వు వెయ్యబట్టే అన్నయ్యా, నువ్వు వెయ్యబట్టే. మాట్లాడకుండా లాగు.”

“బావిల తాడు లాగినట్టు లాగాలె తమ్మీ,” అంది అక్క. “మా ఆయనను పిలువనా? మస్తు లాగిండు ఆ రోజుల్ల.”

“ఆయనకు నీరసమన్నావుగా!”

“గ్లూకోజ్ ఉన్నకాడికి వస్తే నీరసమెట్లుంటది!”

ఆయన నిజంగానే వచ్చారు, లాగారు కూడా. చిలకల్లో ఒకటి మెడ వంకర, ఒకటి తోక పొట్టి, ఒకటి నిద్రపోతున్నట్టు. ఏ రెండూ ఒకలా లేవు. వాటి మీద మొక్కజొన్న పిండి పలుచగా చల్లి, ఒక రేకు డబ్బాలో ఆకుల మధ్య పేర్చి, మూత బిగించాము. మాఘమాసపు పొడిగాలి మాకు సాయం చేసింది. అదే వానాకాలమైతే పొద్దుటికి అన్నీ కరిగి ఒకే చిలక అయ్యేవి.

శుక్రవారం బస్సులో డబ్బా నా ఒళ్ళో, బిడ్డ తల్లి ఒళ్ళో. మా వెనక సీటులో మావారు మిగిలిన సారె గంపలతో ఇరుక్కున్నారు. వాటిలో ఒక గంప నేను కట్టింది కాదు. అడిగితే, ఏమైనా అవసరం పడవచ్చు అన్నారు. కండక్టర్ డబ్బా వైపు చూసి, “ఏందమ్మా గంత భద్రంగ పట్టుకున్నరు?” అన్నాడు. చిలకలని చెప్పాను. “మరి ఎగిరిపోతయేమో, కిటికీ బంద్ జేయుండ్రి,” అన్నాడు. మా ఆడబిడ్డ నవ్వలేదు. సత్తుపల్లి దాటినప్పటి నుంచి ఆమె బిడ్డ చెవిలో ఆ చిన్న పేరునే మళ్ళీ మళ్ళీ చెబుతోంది.

వేంసూరులో అప్పటికే వీధి ఆడవాళ్ళు వసారాలో చేరి ఉన్నారు. అత్తగారు బిడ్డకు దిష్టి తీసి లోపలికి తీసుకున్నాక, సారె గంపలు వరుసగా పెట్టించారు. అరిసెలు చూశారు, సున్నుండలు చూశారు. డబ్బా మూత ఆవిడే తీశారు. ఒక చిలకను రెండు వేళ్ళతో ఎత్తి, ముందు చూసి, వెనక చూసి, గోటితో గీశారు.

“ఇవి అచ్చులో పోసినవి కావు.”

“కావు అత్తయ్యా.”

“మీ అన్నయ్య పొయ్యలేదన్నమాట.”

మా ఆడబిడ్డ తలెత్తి, “పొయ్యబోయాడు, కుదరలేదు. లాగి చేశాం. చెయ్యి వేడికి బొబ్బలెక్కింది చూడండి,” అని అరచెయ్యి చాపింది.

అత్తగారు ఆ చేతిని చూశారు గాని, పందెం సంగతి వదల్లేదు. “పోస్తే అన్నాను. పొయ్యలేదుగా,” అన్నారు.

అంతలో పక్కింటి ముసలావిడ డబ్బాలో చెయ్యి పెట్టి ఒక చిలకను తీసింది. “అమ్మో, ఇది చూడండే, మూతి తిప్పుకుని ఉంది, అచ్చం మా చిన్నకోడలు!”

“ఏదత్తా, ఇటు చూపించండి. నేను కాదు, అది మీరే. పొట్ట చూడండి.”

“ఈ నిద్రపోయేది ఎవరే?”

“ఇంకెవరు, మా ఆయన!”

తరువాత ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. పంచవలసిన పద్ధతిలో పంచనేలేదు. ఎవరి చిలకను వారు వెతుక్కుని తీసుకున్నారు. పిల్లలు వచ్చి మిగిలినవి పట్టుకుపోయారు. చివరకు డబ్బాలో ఒక్కటి మిగిలింది. మెడ నిటారుగా, రొమ్ము విరుచుకుని, అందరికంటే పొడుగ్గా ఉంది. నవ్వు అందరి నోళ్ళలోనూ ఉంది, బయటికి ఎవరూ రానివ్వలేదు.

“ఏమిటలా చూస్తారు?” అన్నారు అత్తగారు. “అది నేనని నాకు తెలీదా! ఇటివ్వండి.” అని తీసుకుని తల కొరికారు.

అది కరకరలాడి, తరువాత పళ్ళకు పట్టుకుంది. ఆవిడ ఏదో చెప్పబోయారు, మాట రాలేదు. అది కరిగేదాకా అందరం ఓపికగా ఎదురుచూశాము. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వు వల్లనో, బంక వల్లనో చెప్పలేను.

“పై వీధివాళ్ళకు చాల్లేదు,” అన్నారు మాట రాగానే. మావారి వైపు తిరిగి, “అబ్బాయ్, ఆ జిగురు మందేదో తెచ్చావా?”

మావారు నేను కట్టని గంప మూత తీశారు. “తెచ్చానండి అత్తయ్యగారూ.”

పెరటి పొయ్యి వెలిగింది. వేంసూరు పంచదార, మా గ్లూకోజ్. ఈసారి నేను తూచి ఇచ్చాను, కిలోకు పావుకిలో. పాకం ముదిరి రాతి మీద పరుచుకోగానే అత్తగారు చీర కుచ్చెళ్ళు పైకి దోపి, మోచేతుల దాకా నెయ్యి రాసుకుని, ఒక కొస తీసుకున్నారు. రెండో కొసను కోడలికి ఇచ్చారు.

“గట్టిగా పట్టుకో. వదిలావంటే నేను వెనక్కి పడతాను.”

“మీరూ వదలకండి అత్తయ్యా.”

ఇద్దరూ లాగారు, మడిచారు, మళ్ళీ లాగారు. గాజు రంగు మెల్లగా పట్టు రంగుకు మారుతోంది. నాలుగో మడతకు అత్తగారు ఊపిరి తీసుకోవడానికి ఆగి, చేతులు రెండూ పాకంలో ఉండగానే, “ఇంతకూ పిల్లకు ఏం పేరనుకున్నావో చెప్పి ఏడువు,” అన్నారు.

మా ఆడబిడ్డ చెప్పింది.

“మరీ చిన్నది,” అన్నారావిడ కొసను తన వైపు లాక్కుంటూ. వసారాలో ఎవరి ఒళ్ళోనో ఉన్న బిడ్డ వైపు తిరిగి, ఆ పేరుతో ఒకసారి గట్టిగా పిలిచారు. బిడ్డ తల తిప్పి చూసింది.

“సరే, లాగు, లాగు. చల్లారిపోతోంది,” అన్నారు.